255 రూపాయల సామానుకి 237 షిప్పింగ్. ఒకే కవరులో వచ్చినా మూడుసార్లు తీసుకోవచ్చా?

కావలి_కుట్టుమిషను:

అందరికీ నమస్కారం. నేను కావలిలో ఇంటి ముందు గదిలోనే మిషను వేసుకొని జాకెట్లు కుడతాను. పద్దెనిమిదేళ్ళయింది. ఫాల్స్, పీకో కూడా చేస్తాను. ఇక్కడ ప్రశ్న పెట్టడం ఇదే మొదలు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

సంక్రాంతికి మూడు వారాల ముందు నా జూకీ మిషను బాబిన్ కేసు, అంటే కింద దారం చుట్ట పెట్టే డబ్బీ, అరిగిపోయింది. కింద దారం ఉండలు ఉండలుగా పడుతోంది. ట్రంకు రోడ్డులో నేనెప్పుడూ కొనే కొట్టాయన ‘నెల్లూరు నుంచి తెప్పించాలమ్మా, నాలుగు రోజులు’ అన్నాడు. ఆయన నాలుగు రోజులంటే ఎనిమిది. ఇక్కడేమో పండగ జాకెట్లు మూటలు కట్టి మంచం మీద, మంచం కింద పెట్టుకొని ఉన్నాను. ఫోన్లో వెతికితే మద్రాసులో మిషను సామాను అమ్మే ఒకాయన సైటు కనిపించింది.

బాబిన్ కేసు 110. జిప్పు ఫుట్టు 85. పదహారో నంబరు సూదుల ప్యాకెట్టు 60. మొత్తం 255. మా కొట్లో ఇవే మూడొందలు దాటతాయి కాబట్టి సంతోషంగానే నొక్కుకుంటూ పోయాను. పేరు, ఫోన్ నంబరు, ఇంటి నంబరు, వీధి, పిన్ కోడ్, ఇంటి దగ్గర గుర్తు, అన్నీ కొట్టించుకున్నాక ఆఖరి పేజీలో 492 అని వచ్చింది. ఎక్కడో తప్పు నొక్కానేమో అనుకొని పైకి జరిపి చూస్తే ఒక్కో వస్తువు కింద షిప్పింగ్ 79, 79, 79. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటారే, అట్లా ఉంది.

అప్పుడే వదిలేయాల్సింది కదా అంటారు. అనండి. మిషను ఆగితే రోజుకి నాలుగు జాకెట్లు ఆగుతాయి, పండగ ముందు మాట తప్పితే ఆ ఇంటివాళ్ళు ఉగాదికి వేరే మిషను చూసుకుంటారు. కట్టేశాను. మూడు వస్తువులూ మూడు చోట్ల నుంచి వస్తాయేమో, అందుకే మూడు చార్జీలేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

అయిదో రోజు పోస్టాయన ఒక్క కవరు చేతిలో పెట్టి పోయాడు. నా అరచేతికంటే కొంచెం పెద్దది. మూడూ అందులోనే ఉన్నాయి. వీధి చివర కిరాణా కొట్లో కాటా మీద పెడితే కవరుతో కలిపి 130 గ్రాములు. కవరు మీద స్పీడ్ పోస్టు రసీదు అంటించే ఉంది, 74 రూపాయల చిల్లర.

ఇక్కడ నన్ను సరిగ్గా అర్థం చేసుకోండి. 79 ఒక్కసారి తీసుకొని ఉంటే నేను నోరెత్తేదాన్ని కాదు. 74 పోస్టుకి పోతే మిగిలింది కవరుకీ టేపుకీ. ఇంకో ఇరవై ఎక్కువ వేసినా ఒప్పుకుంటాను, ఎండలో పోస్టాఫీసు దాకా పోయింది ఎవరు, అతనే కదా. కానీ కవరు ఒకటి. ప్రయాణం ఒకటి. పోస్టాయన నా గుమ్మం ఎక్కింది ఒక్కసారి. మిగతా 158 దేనికి?

వాట్సాప్‌లో అడిగాను. ‘సిస్టమ్ ఆటోమేటిక్‌గా వేస్తుంది మేడమ్’ అని పెట్టాడు. మళ్ళీ అడిగితే ‘మీరు చూసుకునే కదా కట్టారు’ అన్నాడు. ఆ రెండో మాట గుచ్చుకుంది. చూసుకునే కట్టాను, అబద్ధమేమీ కాదు.

వస్తువుకి ఇంత అని షిప్పింగ్ వేయడం మామూలేనా? అడిగితే వెనక్కి ఇచ్చే పద్ధతి ఉందా? 158 ఒక లెక్కా అనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నాను, అది నాకు ఒక లైనింగ్ జాకెట్టు కుట్టుకూలిలో సగం.

నెల్లూరు_పెన్నగట్టు:

అక్కా, ఆగస్టు 15, 2025 నుంచి ఆడవాళ్ళకి ఎక్స్‌ప్రెస్ బస్సు దాకా టికెట్టు లేదు గదా. ఆధార్ కార్డు చూపించి కావలిలో ఎక్కితే నెల్లూరులో దిగు. ఇక్కడ దొరకని మిషను సామాను ఏముంది? షిప్పింగ్ సున్నా. వస్తూ వస్తూ మలై కాజా కూడా తెచ్చుకోవచ్చు.

కావలి_కుట్టుమిషను:

తమ్ముడూ, బస్సు ఉచితమే, రోజు ఉచితం కాదు. పోను, రాను, కొట్లో బేరానికి, బస్సులో సీటు కోసం ఎదురుచూపుకి ఒక పూట దాటిపోతుంది. నాలుగు జాకెట్లు పోతాయి. కాజా సంగతి మాత్రం నిజం.

ఉదయగిరి_చెక్కగరిట:

అక్కా, నేను అమ్మేవైపు మనిషిని. మాది ఉదయగిరి. ఇంట్లో వాళ్ళు చెక్క స్పూన్లు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు, నేను ఆరేళ్ళుగా ఆన్‌లైన్లో పెట్టి అమ్ముతున్నాను. మీ మద్రాసు ఆయన్ని వెనకేసుకొచ్చేది లేదు గానీ లోపల ఏం జరుగుతుందో చెప్తాను, తర్వాత మీరే తిట్టండి.

మొదటిది, అతను చెప్పిన ‘సిస్టమ్’ మాట సగం నిజం. సైటు పెట్టుకునేటప్పుడు షిప్పింగ్ దగ్గర అడుగుతుంది, ఆర్డరుకి ఇంతనా, వస్తువుకి ఇంతనా, బరువుని బట్టా అని. చాలామంది వస్తువుకి అని నొక్కేసి మర్చిపోతారు. తెలిసి నొక్కేవాళ్ళు కూడా ఉన్నారు. మిగతా సగం అబద్ధం, ఎందుకంటే సిస్టమ్ వేసినా కవరు కట్టింది మనిషే. మూడూ ఒక దాంట్లో పెట్టేటప్పుడు అతనికి తెలుసు.

రెండోది, బరువు. మీ కవరు 130 గ్రాములు కాబట్టి లెక్క తేలిగ్గా ఉంది. నా సరుకుకి అట్లా కాదు. గరిటెల సెట్టు ఒకటి ఏడొందల గ్రాములు ఉంటుంది. కానీ గరిటె పొడుగు, విరక్కుండా ఉండాలంటే 45 సెంటీమీటర్ల పొడుగు, 20 వెడల్పు, 10 ఎత్తు అట్టపెట్టె కావాలి. కొరియరు వాళ్ళు ఈ మూడూ గుణించి 5000తో భాగిస్తారు. 9000 భాగించు 5000, 1.8 కిలో. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెంటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. పైగా అరకిలో అరకిలో చొప్పున పైకి లెక్కేస్తారు కాబట్టి 1.8 కాస్తా 2 కిలోలైంది. ఏడొందల గ్రాముల చెక్కకి రెండు కిలోల చార్జీ కడుతున్నాను. పెట్టెలో ఉన్న గాలికి డబ్బు కడుతున్నట్టే. కొందరు 5000 బదులు ఇంకా చిన్న అంకెతో భాగిస్తారు, అప్పుడు ఇంకా పెరుగుతుంది. కొన్నవాళ్ళు సరుకు చేతిలో ఊపి చూసి ‘ఇంత తేలిక దానికి ఇంత షిప్పింగా’ అని మెసేజ్ పెడతారు. వాళ్ళ తప్పు లేదు, వాళ్ళకి పెట్టె లెక్క ఎవరూ చెప్పలేదు.

మూడోది, వెనక్కి వచ్చేవి. డెలివరీ అప్పుడు డబ్బు ఇస్తామని ఆర్డరు పెట్టి, తీరా మనిషి వస్తే తలుపు తీయరు. పోయిన దసరాకి నావి ఆరు సెట్లు అట్లా తిరిగొచ్చాయి. పోయిన చార్జీ నాదే, వచ్చిన చార్జీ నాదే. ఒక సెట్టులో గరిటె విరిగి వచ్చింది కూడా. ఆ నష్టం ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి, పూడ్చుకునేది సరిగ్గా డబ్బు కట్టే మీలాంటి వాళ్ళ దగ్గరే. అది న్యాయమా అంటే నా దగ్గర సమాధానం లేదు.

ఇంకో సంగతి చెప్పనా వద్దా అని ఆలోచించి చెప్తున్నాను. రెండేళ్ళ కిందట చిన్న స్పూన్ల సెట్టు 349, షిప్పింగ్ 80 అని పెట్టేవాణ్ణి. రోజూ గొడవ. అమ్మకాలు లేవు. ఒకరోజు 80 తీసేసి సెట్టు 429, ఫ్రీ డెలివరీ అని మార్చాను. అంతే, గొడవ ఆగింది, ఆర్డర్లు పెరిగాయి. ఇప్పుడు ఎవరైనా మూడు సెట్లు కొంటే నాకు మూడు ఎనభైలు, 240 షిప్పింగ్ కింద వచ్చినట్టు. మూడూ ఒకే పెట్టెలో పోతాయి, నాకు పడేది 150 దాకా. మిగిలిన 90 నా జేబులోకే. మీ మద్రాసు ఆయన మీ దగ్గర చేసింది నేనూ చేస్తున్నాను, కాకపోతే నాది కనపడదు. ఇన్ని రోజుల్లో ఒక్కరు కూడా అడగలేదు.

కావలి_కుట్టుమిషను:

అన్నా, మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. మీ మీద కోపం తెచ్చుకోవాలో చెయ్యి కలపాలో అర్థం కావడం లేదు. మా ఇంట్లో ఉన్న చెక్క గరిటె మీ ఊరిదే, ఫ్రీ డెలివరీ అనే కొన్నాను.

ఒకటి అడుగుతాను. మూడు సెట్లు కొనేవాళ్ళకి ఆ 90 తగ్గించి ఇవ్వొచ్చు గదా?

ఉదయగిరి_చెక్కగరిట:

ఇవ్వొచ్చక్కా. మీరు అడిగాక ఆలోచిస్తున్నా. మూడు సెట్లకి వేరే ధర పెడితే సరిపోతుంది. బద్ధకం తప్ప అడ్డం ఏమీ లేదు.

ఒంగోలు_జమాఖర్చు:

ఇద్దరూ తెగ రాజీపడుతున్నారు, మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నేను ఒంగోలులో చిన్న వ్యాపారాలకి జీఎస్టీ రిటర్నులు వేస్తాను. అమ్మా, మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసిపోయాయి. షిప్పింగ్ ఎంత తీసుకోవాలి అనేది ఒకటి, ఎప్పుడు చెప్పాలి అనేది ఇంకొకటి.

ఎంత తీసుకోవాలి అనే దానికి చట్టంలో ఇంత అని అంకె లేదు. 79 అనేది అతను పెట్టుకున్న ధర, కొనడం మానేయడం మీ హక్కు. ఇది మీకు నచ్చదని తెలుసు.

కానీ ఎట్లా చూపించాలి అనే దానికి రూలు ఉంది. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం మొత్తం ధర ఒకే అంకెగా చూపించాలి, దాంతోపాటు డెలివరీ, పోస్టేజీ, హ్యాండ్లింగ్, పన్ను ఏది ఎంతో విడదీసి చూపించాలి. తర్వాత 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్స్’ మీద మార్గదర్శకాలు వచ్చాయి. కొనేవాళ్ళని బోల్తా కొట్టించే పదమూడు పద్ధతుల పేర్లు అందులో ఉన్నాయి. ఒకటి డ్రిప్ ప్రైసింగ్. మొదట తక్కువ ధర చూపించి, కొళాయి కారినట్టు మిగతాది చుక్క చుక్కగా బయటపెట్టడం. మీరు పిన్ కోడ్ కొట్టాక బరువు, దూరం బట్టి షిప్పింగ్ తేల్చితే అది వేరు, దూరం తెలియకుండా ముందే చెప్పలేరు. కానీ అతనిది ఏ ఊరికైనా వస్తువుకి 79 అయితే ఆ మాట బాబిన్ కేసు ఫోటో కిందే రాయొచ్చు. రాయలేదంటే ఎందుకు రాయలేదని అడగొచ్చు. ముందు చూడండి, వేరే పిన్ కోడ్ కొడితే అంకె మారుతోందా లేదా.

బిల్లు కూడా అడగండి. సరుకుతో కలిపి అమ్మిన షిప్పింగ్‌కి సరుకు మీద ఏ జీఎస్టీ రేటు ఉందో అదే రేటు పడాలి. కొరియరుకి 18 శాతం కదా అని దాని మీద 18 వేసేవాళ్ళని నేను వారానికి ఇద్దర్ని చూస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలోనే.

ఇక వెనక్కి ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పు చెప్పరు, మీ ఫిర్యాదు అతనికి పంపి మాట్లాడిస్తారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మేవాడు మద్రాసులో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే, అంటే నెల్లూరులోనే వేయొచ్చు, 2019 చట్టం ఆ వీలు ఇచ్చింది. 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు. 158 కోసం అంతదూరం పోతారా అనేది మీ ఇష్టం. నేనైతే పోను. మా ఆవిడ పోతుంది.

పొదిలి_బడిపంతులు:

నేను పుస్తకాలు కొంటాను, అదొక్కటే నా వ్యసనం. నా బాధ కూడా ఇక్కడే చెప్పుకుంటాను. మూడొందల పేజీల పుస్తకం 200 అయితే, పొదిలికి కొరియరు 110 అంటారు. పిన్ కోడ్ కొట్టగానే ఒక్కోసారి ‘ఈ ప్రాంతానికి సేవ లేదు’ అని కూడా వస్తుంది. ఒంగోలులో మా బావమరిది అడ్రసు పెట్టి తెప్పించుకొని, ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు సంచిలో వేయించుకున్న రోజులున్నాయి.

అప్పట్లో చిన్న ప్రచురణకర్తలు రిజిస్టర్డ్ పోస్టులో తక్కువకే పంపేవాళ్ళు. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేశారు. కానీ అదే ఏడాది మే 1న పుస్తకాల కోసం ‘జ్ఞాన్ పోస్ట్’ అని వేరేగా మొదలుపెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. నిదానంగా వస్తుంది, రైల్లో లారీలో. నాకేం తొందర, చదవాల్సినవి ఇంట్లో ఎన్ని లేవు. ఈ సంగతి తెలియక చాలామంది ఇప్పటికీ కొరియరు ధరే చెప్తున్నారు. పోయిన నెల ఒకాయనకి ఫోన్ చేసి అడిగితే ‘అట్లాంటిది ఉందా మాస్టారూ’ అని పోస్టాఫీసుకి పోయి కనుక్కొని పంపాడు. నాలుగు పుస్తకాలకి కలిపి ఒక్కటే చార్జీ.

కుట్టుమిషను సామానుకి ఇది పనికిరాదు లెండి. నేను చెప్పేది, ఆర్డరు నొక్కే ముందు ఒక ఫోన్ చేస్తే సగం మంది తగ్గిస్తారు. మనిషి గొంతు వింటే సెట్టింగు మారుతుంది.

ఆత్మకూరు_రాజు:

158 కోసం ఇంత రామాయణమా. ఆమె చూసింది, కట్టింది, అయిపోయింది. వాళ్ళ కొట్టు, వాళ్ళ ఇష్టం. జాకెట్టు కుట్టేవాళ్ళు మాత్రం కొరియరు చార్జీలో లాభం వేసుకోరా?

కావలి_కుట్టుమిషను:

రాజు గారూ, అడిగారు కాబట్టి నా లెక్క చెప్తాను. హైదరాబాదులో నాకు పదకొండు మంది ఉన్నారు, అందరూ ఇక్కడి నుంచి పెళ్ళయి పోయిన పిల్లలే. కొలతలు నా పుస్తకంలో ఉంటాయి, గుడ్డ వాళ్ళు పంపిస్తారు, కుట్టి నేను పంపిస్తాను. మొదట్లో జాకెట్టుకి ఇంత అని కాదు, ఎన్నయినా 80 అని చెప్పేదాన్ని. ఒక పిల్ల చెల్లెలి పెళ్ళికి తొమ్మిది జాకెట్లు, పైన ఒక లంగా ఓణీ పంపించమంది. లంగాకి ఎంత కుచ్చు పెట్టానో నాకే తెలియదు, పార్శిలు రెండు కిలోలు దాటింది. 80కి ఒప్పుకున్నాను కాబట్టి మిగతాది నేనే కట్టుకున్నాను. అప్పటి నుంచి కిలో లోపు ఎన్నయినా వంద, కిలో దాటితే రసీదు ఎంతుంటే అంత, ఫోటో తీసి పెడతాను. కొలతలు తీసుకునే రోజే చెప్తాను, కుట్టాక కాదు. లాభం వేసుకుంటానా అంటే, అవును, వందలో ఇరవయ్యో పాతికో మిగులుతుంది. పోస్టాఫీసులో వరసలో నిలబడిన కూలి అది. ఒకే సంచికి మూడుసార్లు నిలబడినట్టు మాత్రం తీసుకోను.

ఉదయగిరి అన్న చెప్పింది చదివాక ఇంకొకటి తోచింది. నేను కుట్టుకూలిలోనే కొరియరు కలిపేసి ‘హైదరాబాదుకి ఫ్రీ’ అని పెట్టొచ్చు. పిల్లలు సంతోషిస్తారు కూడా. కానీ పక్కింటామె చేతికి ఇచ్చే జాకెట్టుకి కూడా ఆ ఇరవై ముప్పై పడుతుంది, ఆమె ఎక్కడి పోస్టుకి కట్టినట్టు? అందుకని విడిగా చెప్పడమే నాకు బాగుంది, ఎంత గొడవైనా.

ఒంగోలు సార్ చెప్పినట్టు వేరే పిన్ కోడ్లు కొట్టి చూశాను. మా చెల్లెలు ఉండే విజయవాడది, ఢిల్లీలో మా పెద్దమ్మ కొడుకుది. ఎక్కడికైనా అదే 79. అంటే దూరం లెక్కే లేదు, ముందే చెప్పగలడు. స్క్రీన్ షాట్లు తీసి, కవరు ఫోటో, రసీదు ఫోటో, కాటా మీద అంకె కనపడేట్టు ఇంకో ఫోటో, అన్నీ కలిపి అతనికి పంపించాను. మర్యాదగానే రాశాను. ‘ఒక్క షిప్పింగ్ న్యాయం, రెండు వెనక్కి ఇవ్వండి, ఇవ్వకపోతే 1915కి చెప్తాను’ అని. రెండు నీలం గీతలు వచ్చాయి. జవాబు లేదు.

ఒంగోలు_జమాఖర్చు:

రెండు రోజులు చూసి ఫోన్ చేయండి. ఫోటోలు తుడిపేయొద్దు.

కావలి_కుట్టుమిషను:

ఫోన్ చేయాల్సిన పని పడలేదు. రాత్రి పదిన్నరకి, నేను కాజాలు కుడుతుంటే, ఫోను టింగుమంది. 158 పడ్డాయి. పక్కన ఒక్క మాట కూడా లేదు. సారీ లేదు, సరే లేదు.

మాస్టారు చెప్పినట్టు ఇకమీద ముందు ఫోన్ చేస్తాను. మా వీధిలో ఇంకో ముగ్గురు మిషనువాళ్ళు ఉన్నారు, వాళ్ళకీ బాబిన్ కేసులు కావాలంట, సామాను మాత్రం బాగుంది కదా అన్నారు. బాగుంది, అందులో వంక పెట్టను, కింద దారం ఇప్పుడు ముత్యాల్లా పడుతోంది. అందుకని పొద్దున టీ తాగుతూ అతని సైటు మళ్ళీ తెరిచాను. అవే మూడు వస్తువులు వేసి, ఆఖరి పేజీ దాకా పోయి చూశాను.

షిప్పింగ్ 237.

డబ్బు కట్టలేదు లెండి.